మర్యాద నిమిషాలు

నమోదు 202

ఈ ఉదయం టీ మీద మీగడ గ్లాసు మధ్యలో లేదు. ఉత్తరం వైపు అంచుకి చేరి ఉంది. చెంచాతో మధ్యకి లాగాను. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. అంటే ఊరు ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది.

క్యాంటీన్‌లో ఇంకెవరూ గమనించినట్టు లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

స్కూల్లో సిస్టర్ బెనెడిక్టా మా చేత రోజూ అరపేజీ రాయించేవారు. "జరిగింది ముందు రాయండి. మీకేమనిపించిందో, చోటు మిగిలితే రాయండి" అనేవారు. స్కూలు వదిలినా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

జరిగింది ఇది. మా పక్క ఊరు చిత్రావతిని నడిపే పంకాల్లో సగం చెడిపోయాయి. గాలికి ఎదురు నిలవలేక ఆ ఊరు ఉత్తర ధ్రువం వైపు కొట్టుకుపోతోంది. దానికి వీలైనంత దగ్గరగా ఉండాలని మా నాగావళి కూడా ఉత్తరానికి ఒరిగి, పంకాలు గట్టిగా తిప్పుతోంది. మీగడ జరగడం అందుకే.

రెండూ శుక్రుడి మేఘాల్లో తేలే ఊళ్ళు. కింద నేల ఉంది, కానీ అక్కడ సీసం కూడా కరిగిపోతుంది. ఎవరూ దిగరు. భూమి నుంచి వచ్చినవాళ్ళు తమ నదుల పేర్లు ఊళ్ళకి పెట్టుకున్నారు. నేను ఇక్కడే పుట్టాను. పారే నీళ్ళు చూడలేదు.

నా ఉద్యోగం పోర్టులో. ఉదయం గంట కొట్టగానే మైకులో ఒక వాక్యం చదవాలి. చిత్రావతి నుంచి నాగావళికి ఈ రోజు ప్రయాణ సమయం ఇంత. అంతే. రెండు ఊళ్ళూ వింటాయి. అలాగే నాగావళి నుంచి చిత్రావతికి ఎంతసేపో ఆ ఊరివాళ్ళు చదువుతారు. ఎవరు రమ్మంటున్నారో వాళ్ళే చెప్పాలి. చెప్పేటప్పుడు అసలు సమయంలో పదోవంతు తగ్గించాలి. ఇంటికి పిలిచేవాళ్ళు మా ఇల్లు చాలా దూరం అనరు కదా. ఆ తగ్గించినవాటిని మర్యాద నిమిషాలు అంటాం. 'రండి' అని వేరే అనం. ఆ నిమిషాల్లోనే ఆ మాట ఉంది.

ఈ రోజు అసలు దూరం ఐదు వందల నలభై కిలోమీటర్లు. చిత్రావతి నుంచి ఎదురుగాలిలో రావడానికి నాలుగున్నర గంటలు. నేను చదివింది నాలుగు గంటల మూడు నిమిషాలు.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు అరచేతులకి చెమట పడుతుంది. మైకు ముందు పట్టదు. ఆ వాక్యం నాది కాదు కాబట్టి.

చదవడం అయ్యాక లూర్దమ్మ నా గదిలోకి తొంగిచూసింది. నలభై మంది పట్టే చిన్న విమానాలని ఇక్కడ లాంచీలంటారు. మా ఊరికి రెండున్నాయి. ఒకటి లూర్దమ్మ నడుపుతుంది. ఈ రోజు వెళ్ళి, రేపు వస్తుంది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవదు.

"ఏం కాన్వెంటూ, ఈ రోజు ఎన్ని నిమిషాలు మింగావు?"

"ఇరవై ఏడండీ."

"అబ్బో! ఇలాగే మింగితే నేను బయల్దేరకముందే చేరిపోయానంటావు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"లాంచీ బ్యాటరీ ఆరు గంటలు. రోజుకి పది నిమిషాలు పెరుగుతోంది. అక్కడ మూడొందల మంది. నాకొచ్చిన లెక్కలు ఇంతే" అంది, హెల్మెట్ పెట్టుకుంటూ.

ఆ మూడు వందల్లో మా అక్క చారుమతి, విరూపాక్ష బావ ఉన్నారు.

నమోదు 203

లూర్దమ్మ లాంచీలోంచి పధ్నాలుగు మంది దిగారు. ఇరవై ఆరు సీట్లు ఖాళీ.

"రమ్మంటే వస్తాంలే అంటున్నారు. ఒకావిడ పెరుగు తోడుపెట్టాను, ఎల్లుండి వస్తానంది" అని చెప్పింది లూర్దమ్మ.

నమోదు 205

ఇక్కడ సూర్యుడు రెండు రోజులుంటాడు, రెండు రోజులుండడు. ఈ రోజు ఉన్నాడు. వైర్‌లెస్ గదికి తెర లేదు. కళ్ళు సగం మూసుకుని అక్కతో మాట్లాడాను.

"ఎప్పుడొస్తున్నారు?" అని అడిగాను.

"వస్తాంలేవే. ఇంకా నాలుగున్నరే కదా. పొద్దున నువ్వేగా చదివావు."

"అక్కా, అసలు ఐదు గంటలు. అందులో పదోవంతు…"

"తెలుసు తల్లీ. నీకంటే ముందు పుట్టాను. కానీ నీ గొంతులో వింటే పక్క వీధే అనిపిస్తుంది, ఏం చెయ్యను?"

వెనక బావ అరుస్తున్నాడు. ఆయన అక్కడ పంకాల మెకానిక్. "ఇంకో రెండు పంకాలు తిరిగాయంటే ఊరితో సహా మేమే వచ్చేస్తాం. చాప వేసి ఉంచమను!"

"విన్నావుగా. రెండు రోజుల్నుంచి నిద్ర లేదు మహానుభావుడికి. స్పానరు పక్కలో పెట్టుకు పడుకుంటున్నాడు" అంది అక్క. తర్వాత తోటకూర గురించి చెప్పింది. దీపాల కింద మడుల్లో పెంచుతుంది. ఈసారి బాగా వచ్చిందట. కొయ్యకుండా వదిలి రావడానికి మనసొప్పడం లేదట.

అక్కకి లెక్క తెలుసు. అందరికీ తెలుసు. తెలిసినా, చెవిలో పడినదే నిజం అవుతుంది. తొందరేం లేదని రోజూ చెప్తున్నది నేనే.

నమోదు 206

పోర్టు సూపరింటెండెంటు భూషణం గారి గదికి వెళ్ళాను. పిలవకుండా వెళ్ళడం ఇదే మొదలు. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్ళి, కాగితమే ఆయన చేతికి ఇచ్చాను. రేపటి నుంచి నిమిషాలు తగ్గించకుండా చదవనివ్వండి అని రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు. కాదంటారనుకున్నాను.

"మంచి ఆలోచనేనమ్మా. మనకెవరికీ తట్టలేదు చూడు." వెంటనే ఊరి కమిటీవాళ్ళని పిలిచారు. ఏడుగురిలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ప్రాణాల మీదికొస్తే మర్యాదేమిటి అన్నారు.

"ముందు ఒక మాట చెప్పు. ఎందుకు తగ్గించడం లేదో వాళ్ళకి తెలియాలి కదా" అన్నారు భూషణం గారు.

ఆ మాట రాసుకున్నాను. "మీరందరూ త్వరగా రావాలని, ఈ రోజు నుంచి అసలు సమయం చెప్తున్నాం." గదిలో గోడ వైపు తిరిగి చాలాసార్లు చదివాను. 'త్వరగా' దగ్గర గొంతు సన్నబడుతోంది.

నమోదు 207

గంట కొట్టింది. మైకు మీద ఎర్రలైటు వెలిగింది. కాగితం ఎదురుగా ఉంది. పై వరసలో నా వాక్యం, కింద వరసలో రోజూ చదివేది.

నోరు తెరిచాను. పై వరస రాలేదు. కింద వరస వచ్చింది.

"చిత్రావతి నుంచి నాగావళికి ఈ రోజు ప్రయాణ సమయం ఐదు గంటల ఇరవై నిమిషాలు."

లైటు ఇంకా వెలుగుతోంది. చెప్పడానికి ఇంకా సమయం ఉంది. అంకె చాలు, అంకెలోనే అంతా ఉంది అనుకున్నాను. లైటు ఆర్పేశాను.

మధ్యాహ్నం లూర్దమ్మ లాంచీ వచ్చింది. ముగ్గురు దిగారు.

ఆవిడ హెల్మెట్ తియ్యకుండానే నా గదికి వచ్చింది. భూషణం గారు వెనకాలే వచ్చారు.

"ఏం చదివావే నువ్వు? ముప్ఫై మంది ఎక్కి కూచున్నారు లాంచీలో. పిల్లలకి బెల్టులు కూడా పెట్టాను. నీ గొంతు వచ్చింది. వినగానే ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. 'నిండు లెక్క చెప్పారు, దిగండి' అన్నాడు. ఒక్కొక్కళ్ళే దిగిపోయారు. పెట్టెలు కూడా దింపేసుకున్నారు."

"నిండు లెక్కా? అదేమిటి?" అన్నారు భూషణం గారు.

"నాకూ తెలీదు. అడిగితే చెప్పారు. జ్వరాల ఏడాది వాళ్ళ ఊళ్ళో రోగముందని మనం నిమిషాలు తగ్గించకుండా చదివామట. రావద్దని నోటితో అనలేక. ఆ రోజు నుంచి వాళ్ళకి నిండు లెక్కంటే తలుపెయ్యడమే."

"మనవాళ్ళా? అలా చేశారా?"

"చేసినవాళ్ళు మర్చిపోతారు సార్. పడ్డవాళ్ళు మర్చిపోతారా?"

నాగావళి చరిత్ర మా లైబ్రరీలో ఉంది. రెండుసార్లు చదివాను. ఇప్పుడు మళ్ళీ తీసి చూశాను. జ్వరాల ఏడాది గురించి ఒక పేరా ఉంది. మందులు ఎలా తయారుచేశామో ఉంది. మైకులో ఏం చదివామో లేదు.

నమోదు 208

కమిటీ ఉదయం నుంచి కూర్చుంది. తగ్గించి చదివితే ఇంకా టైముందనుకుంటారు. తగ్గించకుండా చదివితే రావద్దన్నారనుకుంటారు. తేలలేదు. గంట కొట్టింది, కానీ నన్నేమీ చదవొద్దన్నారు. ఆ నిశ్శబ్దాన్ని చిత్రావతివాళ్ళు ఎలా విన్నారో తెలియదు. రెండో లాంచీ ఖాళీగా వచ్చింది.

వైర్‌లెస్‌లో అక్కకి చేశాను. బావ ఎత్తాడు.

"చెప్పమ్మా నాగావళీ."

ఎప్పుడూ మరదలా అంటాడు. లేకపోతే ఏమోయ్ అంటాడు.

"బావా, నిన్న నేను చదివింది…"

"మా మేనత్తకి అప్పుడు పదేళ్ళట. జ్వరం కాదు, కాలు విరిగింది. వైద్యానికని లాంచీ ఎక్కించాక మీ మైకులో నిండు లెక్క వచ్చింది. మా తాత దింపేసి ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ రోజు చదివింది కూడా ఆడపిల్లేనట. చాలా మెత్తటి గొంతట."

"అది వేరు. మీరు తొందరగా రావాలనే, నిజం తెలియాలనే…"

"రావాలని ఉంటే ఆ ముక్క అనొచ్చుగా? లెక్క చదవడానికి నోరొచ్చింది."

 కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. పై వరస పైనే ఉంది.

అక్క తీసుకుంది. "ఏడుస్తున్నావా? ఏడవకు. అలిగాడంతే. ఊరంతా అలిగింది, ఈయనొక్కడే కాదు. పెళ్ళిలో పిలుపు సరిగ్గా లేదని వెనక్కి తిరిగిపోయిన చుట్టాల్లా ఉన్నారు అందరూ. నాకు తెలుసు నీ సంగతి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని నీ భయం."

"నువ్వు రా అక్కా. నువ్వైనా రా."

"నన్నొక్కదాన్నే రమ్మంటే వస్తానా? నీకు పిలవడం ఇంకా రాలేదే" అంది నవ్వుతూ. టైమైపోయి లైను పోయింది.

నమోదు 209

ఈ ఉదయం ఎవరినీ అడగలేదు. కాగితం లేకుండా కూర్చున్నాను. అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాను. లైటు వేశాను.

ఏమన్నానో తర్వాత క్యాంటీన్‌వాళ్ళు చెప్తే తెలిసింది. అందరూ దాదాపు ఒకేలా చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

"నా పేరు సువర్చల. రోజూ చదివేది నేనే. మొన్న ఒక మాట అనాల్సింది, సిగ్గుపడి అనలేదు. రావద్దని కాదు. జ్వరాల ఏడాది సంగతి మాకు తెలియదు, మా పెద్దవాళ్ళు మాకు చెప్పలేదు. అప్పుడలా చేసినందుకు క్షమించండి. అసలు సమయం ఐదు గంటల నలభై నిమిషాలు. దూరమే. ఇంకా దూరమవుతుంది. ఈ రోజే రండి. అందరూ రండి. అక్కా, బావని తీసుకుని రా. బావా, నేను పిలుస్తున్నాను, రా."

లైటు ఆర్పాను. భూషణం గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఏదో అనబోయి, మంచినీళ్ళు తెచ్చిపెట్టి వెళ్ళారు.

మధ్యాహ్నం లాంచీ వచ్చింది. నలభై సీట్లలో యాభై ఒక్కమంది. పిల్లలు ఒళ్ళో ఉన్నారు. పిల్లుల్ని కూడా తెచ్చారు.

"ఇప్పుడొచ్చిందా నోరు?" అంది లూర్దమ్మ. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "మొన్న లేచి నిలబడ్డ పెద్దాయన లేడూ, ఆయనే అందర్నీ తోసి ఎక్కించాడు. తను ఎక్కలేదు. 'అమ్మాయి క్షమించమంది, సరిపోయింది' అన్నాడు."

"మా అక్క?"

"లైన్లో ఉంది. మీ బావ కూడా. ఇద్దరూ నవ్వుతున్నారు. పిల్లలున్నవాళ్ళు ముందు వెళ్ళండని వెనక్కి జరిగారు."

నమోదు 210

రెండో లాంచీలో నలభై ఎనిమిది మంది. అక్కావాళ్ళు లేరు.

స్కూల్లో పరుపులు వేస్తున్నారు. నేను దుప్పట్లు పంచాను. వచ్చినవాళ్ళలో ఒకావిడ నా గొంతు గుర్తుపట్టింది. "నువ్వేనా?" అంది. చాలాసేపు చూసింది. "చిన్నపిల్లవే" అంది.

రేపు ఆరు గంటలు నిండుతాయి. అక్కడ ఇంకా నూట యాభై మందికి పైగా ఉన్నారు.

నమోదు 211

లూర్దమ్మ వచ్చింది. బ్యాటరీ ఆఖరి గీత కూడా ఆరిపోయాక ప్లాట్‌ఫారం తగిలింది. యాభై ఆరు మంది దిగారు. దిగినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను. చివరి మనిషి దిగాక కూడా తలుపు వైపే చూస్తున్నాను.

లూర్దమ్మ మెట్టు మీద కూర్చుంది. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అక్క మెట్టు దాకా వచ్చింది. ఒక కాలు లోపల పెట్టింది కూడా. వెనక ఇద్దరు ముసలమ్మలున్నారు. ఇంకొక్కళ్ళని ఎక్కించినా లేవదని నేను అప్పటికే అరుస్తున్నాను. ఆవిడ వాళ్ళ వైపు చూసింది, నా వైపు చూసింది. కాలు తీసేసింది. ఆ ముసలమ్మలూ అక్కడే ఉండిపోయారు."

"బావ?"

"పంకాల దగ్గరున్నాడట. రెండు తిరిగాయట, మూడోది చూస్తున్నాడట. చాప వేసి ఉంచమని చెప్పమన్నాడు."

నేను ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఏడిస్తే ఏడువు కాన్వెంటూ. నేనూ ఏడుస్తాను" అంది.

మొన్న ముగ్గురితో వచ్చిన లాంచీ ఉంది. అసలెవరూ లేకుండా వచ్చిన లాంచీ ఉంది. ఈ రోజంతా వాటి సీట్ల గురించే ఆలోచించాను. అందులో రెండు చాలు. ఆ ఇద్దరు ముసలమ్మలకి ఇంకో రెండు. ఆ రోజు లైటు వెలుగుతుండగా నేను నోరు మూసుకుని కూర్చున్నంతసేపట్లో ఆ వాక్యం రెండుసార్లు చదవచ్చు.

నమోదు 212

ఆరు గంటల పది నిమిషాలు. చదవలేదు. ఇంకెవరూ రాలేరు.

మా ఊరు ఇక ఉత్తరానికి ఒరగదని కమిటీ చెప్పింది. ఇలాగే తిప్పితే మా పంకాలు కూడా కాలిపోతాయట. వచ్చినవాళ్ళని నిలబెట్టుకోవాలంటే ఊరు నిలబడాలి. నిజమే. ఎవరూ వాదించలేదు.

ధ్రువం దగ్గర పెద్ద సుడి ఉంది. దాని లోపల గాలి నెమ్మదిగానే ఉంటుందని, బతకొచ్చని పుస్తకాల్లో ఉంది. వైర్‌లెస్ మాత్రం బయటికి రాదు. అక్కడి నుంచి ఏ ఊరూ తిరిగి రాలేదు.

ఉదయం లూర్దమ్మ లాంచీని తుడుస్తోంది. నేను పక్కన నిలబడ్డాను.

"గాలి వెనకుంటుంది కాబట్టి వెళ్ళడానికి ఇప్పటికీ మూడు గంటలే. రావడమే లేదు" అంది, నా వైపు చూడకుండా. తర్వాత గుడ్డ పిండింది.

క్యాంటీన్‌కి వెళ్ళాను. గంట కొట్టింది. మా మైకు మోగకపోవడం చూసి అందరూ తలలు దించుకుని తింటున్నారు. అప్పుడు స్పీకర్లో గరగర మొదలైంది. చిత్రావతి లైను. నాగావళి నుంచి వాళ్ళ ఊరికి ఎంతసేపో చదవడానికి. ఇన్నాళ్ళూ అది ఒక ముసలాయన గొంతు. ఈ రోజు అక్క.

"ఆఁ, వినబడుతోందా? ఎక్కడ నొక్కాలి? ఇదా? నాగావళి నుంచి చిత్రావతికి ఈ రోజు ప్రయాణ సమయం…" వెనక బావ ఏదో అన్నాడు. అక్క నవ్వింది. "…పావుగంట."

క్యాంటీన్‌లో ఎవరో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. దుప్పటి తీసుకుని నన్ను చిన్నపిల్లవే అన్నావిడ పళ్ళెం పక్కకి జరిపి, తల బల్ల మీద ఆనించింది. స్పీకర్లో గరగర ఇంకాసేపు ఉంది. అందులో అక్క ఇంకేమైనా అందేమో తెలియదు.

పోర్టు ఉద్యోగులకి లాంచీ ఉచితం. నేను ఒక్కసారి కూడా చిత్రావతికి వెళ్ళలేదు.